షాంపూ, డియోడరెంట్ మానేయాలంటే ఎలా? మన తిరుపతి నీళ్ళకి, ఎండకి కుదిరే పద్ధతి

"కుంకుడుకాయతో రుద్దుకున్నా జిడ్డు వదలడం లేదు, ఏం చేయాలి?" "సీకాయ వాడితే జుట్టు పీచులా అయిపోయింది, మళ్ళీ షాంపూకే పోవాలా?" "పటిక రాస్తే చంకలు నల్లబడతాయా?" నన్ను అడిగేవాళ్ళంతా తిప్పి తిప్పి ఈ మూడే అడుగుతుంటారు. అందుకే మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. మధ్యలో మానేసినవాళ్ళ దగ్గర చాలావరకు తప్పు కుంకుడుకాయలో ఉండదు. నీళ్ళలో, పెట్టుకున్న నూనెలో, కడుక్కునే తీరులో ఉంటుంది. వీడియోల్లో కనిపించే పద్ధతులు ఎక్కువగా చలిదేశాల వాళ్ళవి. వాళ్ళు తలకి నూనె పెట్టరు, మే నెలలో నలభై డిగ్రీల ఎండలో బండి మీద తిరగరు. వంటసోడాతో తల రుద్దడం, ఉత్త నీళ్ళతో సరిపెట్టడం, కొబ్బరినూనె క్రీమును చంకల్లో రాయడం మన దగ్గర పనిచేయవు. మనకి కుంకుడు, సీకాయ, పటిక, సున్నిపిండి చాలు. వాటిని సరిగ్గా వాడటమే నేర్చుకోవాలి.

ఎవరు ఆగాలి

తలలో గట్టి చుండ్రు ఉండి డాక్టరు కీటోకొనజోల్ షాంపూ రాసిచ్చి ఉంటే అది మందు, దాన్ని మానకండి. సోరియాసిస్, పుండ్లు, తామర ఉన్నవాళ్ళూ ముందు చర్మం డాక్టరుకి చూపించుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా పటిక వాడొద్దు, కారణం కింద చెప్తాను. జుట్టుకి రంగు వేయించుకుని ఉంటే కుంకుడు, సీకాయలతో అది తొందరగా వెలిసిపోతుంది, దానికి సిద్ధపడి మొదలుపెట్టండి.

కొండ మీద కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్ళకి మాత్రం ఇంతకన్నా మంచి సమయం దొరకదు. పాత షాంపూల పూత పట్టిన జుట్టంతా పోయి ఉంటుంది. కత్తిగాట్లు మానేదాకా ఒక వారం గంధం రాసుకుంటూ ఉత్త నీళ్ళు పోసుకోండి. ఆ తర్వాత రెండు కుంకుడుకాయల రసం చాలు.

కావలసినవి

తలకి: కుంకుడుకాయలు పావుకిలో, సీకాయ (కాయలైతే మేలు, లేదంటే పొడి) వంద గ్రాములు, మెంతులు, నిమ్మకాయ, పల్చటి పాత నూలుగుడ్డ.

చంకలకి: పటిక గడ్డ ఒకటి, సున్నిపిండి, ఆరారూట్ పిండి, వట్టివేరు పొడి.

తిరుపతిలో గాంధీ రోడ్డు వైపు గానీ, చిత్తూరులో బజారు వీధిలో గానీ పచారీ సామాన్లు, నాటు మందులు అమ్మే అంగళ్ళలో ఇవన్నీ అడగండి. గిరిజన సహకార సంస్థ వాళ్ళ డిపో దగ్గర్లో ఉంటే కుంకుడు, సీకాయ పొడులు అక్కడా చూడవచ్చు.

కాయ ఎలా చూసి కొనాలంటే, తొక్క గోధుమరంగులో ముడతలు పడి, వేలితో నొక్కితే కాస్త బంకగా తగలాలి. చెవి దగ్గర ఊపితే లోపల గింజ కదులుతున్న చప్పుడు రావాలి. నల్లబడి పెళుసుగా విరిగిపోతున్న కాయ పాతది, నురగ సరిగ్గా రాదు. రెడీమేడ్ "హెర్బల్ సీకాయ" పొడి కొంటే వెనక చిన్న అక్షరాలు చదవండి. సోడియం లారిల్ సల్ఫేట్ అని ఉంటే అది షాంపూకి ఇంకో రూపమే, దానికోసం ఇంత కష్టపడక్కర్లేదు.

ముందుగా నీళ్ళు చూసుకోండి

ఈ ఒక్క పని చేయకుండా ఎవరూ మొదలుపెట్టొద్దు. తిరుపతిలో కల్యాణి డ్యామ్ నీళ్ళో తెలుగుగంగ నీళ్ళో వచ్చే కుళాయి ఉన్న ఇంటికీ, అచ్చంగా బోరు మీద నడిచే అపార్ట్‌మెంట్‌కీ చాలా తేడా ఉంటుంది. పక్కపక్క వీధుల్లో ఉండే అక్కాచెల్లెళ్ళలో ఒకరికి కుంకుడు పడి, ఇంకొకరికి పడకపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే.

రెండు ఖాళీ నీళ్ళ బాటిళ్ళు తీసుకోండి. ఒకదాంట్లో సగం దాకా బాత్రూమ్ నీళ్ళు, ఇంకోదాంట్లో సగం దాకా ఆర్వో క్యాన్ నీళ్ళు పోయండి. ఒంటి సబ్బును చాకుతో గీరి, రెండింట్లో సమానంగా చిటికెడు వేసి బాగా కుదపండి. ఆర్వో నీళ్ళు గుప్పున నురుగెత్తి, బాత్రూమ్ నీళ్ళలో నురగ రాకుండా తెల్లటి తెట్టు తేలితే మీవి ఉప్పునీళ్ళు. బకెట్ అంచున, గీజర్ కాయిల్ మీద తెల్లటి పొర కట్టడం కూడా అదే గుర్తు.

ఉప్పునీళ్ళైతే ఏం చేయాలి? తల సబ్బుతో మాత్రం రుద్దుకోవద్దు. సబ్బు ఆ నీళ్ళలోని కాల్షియంతో కలిసి జుట్టుకి మైనంలా అంటుకుంటుంది. కుంకుడులో నురగ తెప్పించే సపోనిన్లు అలా తెట్టు కట్టవు కాబట్టి బోరు నీళ్ళలో సబ్బుకన్నా అదే మేలు. రసం తీయడానికి, ఆఖరి చెంబుకి మాత్రం ఆర్వో నీళ్ళు గానీ, పట్టి ఉంచిన వాననీళ్ళు గానీ వాడండి. మొత్తం రెండు లీటర్లు చాలు.

తల: వరుసగా ఏం చేయాలి

1. చివరిసారి షాంపూతో బాగా కడగండి. కండిషనర్ లేని సాదా షాంపూతో రెండుసార్లు రుద్ది, ఆపైన ఏమీ రాయకుండా వదిలేయండి. చాలా షాంపూలు, కండిషనర్లు, సీరమ్‌లు జుట్టు మీద సిలికోన్ పూత వదులుతాయి. దాన్ని తీసేయకుండా కుంకుడు మొదలుపెడితే మొదటి నెలంతా జుట్టు ముద్దగా ఉంటుంది.

2. కాయలు కొట్టండి. చిన్న జుట్టుకి నాలుగైదు, భుజాల దాకా ఉంటే ఎనిమిది నుంచి పది, నడుము దాకా ఉంటే పన్నెండు నుంచి పదిహేను. గుడ్డలో చుట్టి రోటి పక్కన పెట్టి ఒక్క దెబ్బ వేస్తే పగులుతాయి. నల్ల గింజ తీసి పారేయండి. మనకి పనికొచ్చేది ఆ బంక తొక్కే.

3. రాత్రి అర లీటరు నీళ్ళలో నానబెట్టండి. సీకాయ కాయలు రెండు, మెంతులు ఒక చెంచా అందులోనే వేయొచ్చు. పొద్దున చేత్తో పిసికితే తేనెరంగు రసం దిగి పైన తెల్లటి నురగ లేస్తుంది. తొందరగా కావాలంటే సన్నమంట మీద పది నిమిషాలు మరిగించండి. గిన్నె సగానికి మించి నింపొద్దు, నురగ ఒక్కసారిగా పొంగి స్టవ్ ఆరిపోతుంది.

4. నూలుగుడ్డలో వడగట్టండి. టీ జల్లెడతో సరిపెడితే సన్నటి తొక్క ముక్కలు జుట్టులో చిక్కుకుంటాయి, ఆరాక వాటినే చుండ్రు అనుకుంటారు.

5. నూనె తక్కువ పెట్టండి. తలంటుకి గంట ముందు ఒక చెంచా, మహా అయితే రెండు. ముందురోజు రాత్రి కారిపోయేలా పెట్టుకుని పొద్దున కుంకుడుతో పోవాలంటే ఒక్క విడతలో పోదు. జిడ్డు ఉంది కదా అని శనగపిండి తలకి పట్టించేవాళ్ళున్నారు. ఒత్తుగా ఉన్న జుట్టులోంచి ఆ పిండి కడిగి తీయడం చాలా కష్టం, చేయొద్దు. దానికి బదులు రసంలో పల్చటి గంజి అర గ్లాసు కలపండి. రసం జుట్టుకి బాగా పడుతుంది, ఎండిపోవడమూ తగ్గుతుంది.

6. తల వెనక్కి వంచి పోసుకోండి. చిన్నప్పుడు పండగనాడు కళ్ళు మండి ఏడవని వాళ్ళు మనలో ఉండరు. ముందుకి వంగితే రసం నేరుగా కళ్ళలోకి దిగుతుంది. నుదుటి మీద మడిచిన తడిగుడ్డ అడ్డం పెట్టుకోండి. పిల్లలకైతే పడుకోబెట్టి పోయడమే మంచిది. కంట్లో పడితే రుద్దకుండా ధారగా మంచినీళ్ళు పోస్తూ ఉండండి. మంట, ఎరుపు పూటలో తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

7. రెండు విడతలుగా రుద్దండి. గోరువెచ్చటి నీళ్ళతో తల బాగా తడిపి, సగం రసం మాడు మీద పోసి వేళ్ళ కొసలతో రెండు మూడు నిమిషాలు రుద్దండి, గోళ్ళతో కాదు. జుట్టు చివర్లని రుద్దక్కర్లేదు, కిందికి జారే రసమే వాటికి సరిపోతుంది. కడిగి, మిగతా సగం పోయండి. మొదటి విడతలో నూనె వల్ల నురగ రాకపోయినా కంగారు పడొద్దు. రెండో విడతలో రావాలి. అప్పుడూ రాలేదంటే నూనె ఎక్కువైంది, లేదా కాయలు చాలలేదు.

8. నురగ పోయాక కూడా ఇంకో రెండు చెంబులు పోయండి. జిడ్డు, దురద అని అడిగేవాళ్ళలో సగం మందికి ఇది చెప్తే సరిపోతుంది. కుంకుడు రసం మాడు మీద మిగిలిపోతే ఆరాక దురద పెడుతుంది.

9. ఆఖరి చెంబు. లీటరు నీళ్ళలో చిన్న చెంచాడు వడగట్టిన నిమ్మరసం కలిపి జుట్టు మీద పోసి, నిమిషం ఆగి మంచినీళ్ళతో కడిగేయండి. ఉప్పునీళ్ళ వాళ్ళకి ఇది తప్పనిసరి, మంచినీళ్ళ వాళ్ళకి మీ ఇష్టం. మాడు మీద గీతలు, పుండ్లు ఉంటే వద్దు.

వారానికి రెండుసార్లు చాలు. ఆడవాళ్ళు శుక్రవారం, మగవాళ్ళు శనివారం తలంటుకునే ఇళ్ళలో మధ్యలో ఇంకొక్క రోజు కలుపుకుంటే సరిపోతుంది.

పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తేవాళ్ళు వారానికి సరిపడా రసం తీసి ఐస్ ట్రేలో గడ్డకట్టించి, ఒక తలంటుకి సరిపడా గడ్డలు వేడినీళ్ళలో కరిగించి వాడుకోవచ్చు. ఫ్రిజ్‌లో కింది అరలో అయితే మూడు రోజులే. బయట పెడితే మన వేడికి మర్నాటికే పులుస్తుంది, పుల్లటి వాసన వస్తే పారబోయండి. సీసా మీద పేరు రాయండి. చింతపండు రసం అనుకుని పిల్లలు తాగితే వాంతులు పట్టుకుంటాయి.

పడిందా లేదా ఎలా తెలుస్తుంది

ఒక తలంటుతో తేల్చేయొద్దు, నాలుగు తలంట్లు చూడండి. జుట్టు పూర్తిగా ఆరాక, ఫ్యాన్ కింద కాకుండా వెలుతురులో కూర్చుని చూసుకోండి.

నడినెత్తి దగ్గర కుదుళ్ళు పట్టుకుంటే వేళ్ళకి మైనంలా అంటుతోందా? నీళ్ళ సమస్య, లేదా కడగడం చాలలేదు. ఎనిమిది, తొమ్మిది మెట్లు మళ్ళీ చదవండి. కుదుళ్ళు బాగుండి చివర్లు మాత్రం పీచులా ఉన్నాయా? కాయలు రెండు తగ్గించి, సీకాయ మానేసి, ముందుగా చివర్లకి నానబెట్టి రుబ్బిన మెంతులు గానీ మందారాకు ముద్ద గానీ పట్టించండి. మాడు ఎర్రబడి మండుతోందా? ఆపేయండి. అది మీకు పడదు. పట్టుదలకి పోవద్దు.

మొదటి రెండు మూడు వారాలు జిడ్డుగా ఉంటే "విషాలు బయటికి పోతున్నాయి" అని చెప్పేవాళ్ళుంటారు. అలాంటిదేమీ లేదు. పాత పూత వదులుతుంది, మీకు కొలత చేతికి వస్తుంది, అంతే. నెలన్నర దాటినా బాగుపడకపోతే వాడే పద్ధతిలోనో నీళ్ళలోనో ఏదో తేడా ఉంది. అలాగే తెల్లజుట్టు నల్లబడుతుందని, రాలింది మొలుస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఇది తల శుభ్రం చేసుకునే పద్ధతి, వైద్యం కాదు.

చంకలు: డియోడరెంట్ బదులు

ఒక్క విషయం తెలిస్తే మిగతాదంతా సులువు. చెమటకి దానంతటదిగా పెద్ద వాసన ఉండదు. చర్మం మీద ఉండే బ్యాక్టీరియా చెమటని తినడం వల్ల వాసన వస్తుంది. కొన్ని డబ్బాలు చెమటనే ఆపుతాయి, కొన్ని వాసనని కప్పుతాయి. మనం చేయబోయేది ఆ బ్యాక్టీరియాని తగ్గించడం. కాబట్టి చెమట పడుతుంది. అలిపిరి మెట్లు 3,550 ఎక్కితే చొక్కా తడవకుండా ఏ పటికా ఆపదు. తడి ఉన్నా కంపు ఉండకూడదు, మన లెక్క అది.

మొదలుపెట్టడానికి కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మంచి కాలం. ఏప్రిల్, మేలో మొదలుపెట్టి టెన్షన్ పడొద్దు. తల, చంకలు ఒకేసారి మార్చొద్దు కూడా. ఏదైనా తేడా వస్తే దేనివల్లో తెలియదు.

1. ముందు మోచేతి లోపలి వైపు తడి పటిక రాసి రెండు రోజులు చూడండి. ఎరుపు, దురద లేకపోతేనే ముందుకి వెళ్ళండి.

2. స్నానంలో చంకలు సబ్బుతో గానీ సున్నిపిండితో గానీ బాగా రుద్ది కడగండి. సబ్బు మానాలన్న పట్టింపు ఇక్కడ అక్కర్లేదు. నలుగు పెట్టుకుంటే పిండి మెత్తగా ఉండాలి, గరుకు పిండితో గీరితే నల్లబడతాయి.

3. పూర్తిగా ఆరనివ్వండి. తువ్వాలుతో అద్ది, ఫ్యాన్ కింద రెండు నిమిషాలు నిలబడండి. తడి మీద చొక్కా వేసుకుంటే కింద చెప్పేవేవీ పనిచేయవు.

4. పటిక గడ్డని నీళ్ళలో ముంచి ఒక్కో చంకలో ఐదారుసార్లు పల్చగా రాసి ఆరనివ్వండి. గడ్డ వాడటం ఇబ్బందైతే, కాచి చల్లార్చిన నీళ్ళు వంద మిల్లీలీటర్లలో చిన్న చెంచా పటిక పొడి కరిగించి స్ప్రే సీసాలో పోసుకోండి. షేవ్ చేసిన రోజు రాయొద్దు, మండుతుంది. ఒక రాత్రి ఆగండి.

5. తడి ఎక్కువ అనిపిస్తే ఆరారూట్ పిండి నాలుగు చెంచాలు, వట్టివేరు పొడి ఒక చెంచా పల్చటి గుడ్డలో జల్లించి, పొడి చర్మం మీద అద్దుకోండి. తామర ఉన్నచోట, చెమటకాయలు పేలినచోట ఏ పిండీ వద్దు.

పటిక గురించి ఒకటి నిజాయితీగా చెప్పాలి. "అల్యూమినియం లేనిది" అని పటిక గడ్డల్ని అమ్ముతుంటారు. పటిక అంటేనే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. డియోడరెంట్లలోని అల్యూమినియంతో క్యాన్సర్ వస్తుందని రుజువు కాలేదు, కాబట్టి మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళు భయపడక్కర్లేదు. కిడ్నీలు సరిగ్గా పనిచేయనివాళ్ళలో అల్యూమినియం బయటికి పోవడం కష్టం. వాళ్ళని ఆగమన్నది అందుకే. అల్యూమినియం అసలు వద్దనుకునేవాళ్ళు నాలుగో మెట్టు వదిలేసి, రోజుకి రెండుసార్లు కడుక్కుని పిండి అద్దుకోవచ్చు.

ఇంకో జాగ్రత్త. శ్రీకాళహస్తి కలంకారీలో రంగు బట్టకి గట్టిగా పట్టడానికి వాడే పటిక ఇదే. చంకల్లో పసుపు, పటిక కలిపి రాసుకుని తెల్లచొక్కా వేసుకుంటే ఆ మరక ఏ ఉతుకుకీ పోదు. పసుపు రాత్రిపూట మాత్రమే, అదీ కడిగేశాక పటిక.

పటిక వల్ల నల్లబడతాయా అంటే, సాధారణంగా నలుపు వచ్చేది రాపిడి వల్ల, షేవింగ్ వల్ల, మంట పుట్టినా వాడుతూ పోవడం వల్ల. మెడ, చంకలు రెండూ మెత్తగా మందంగా నల్లబడుతుంటే అది పటిక పని కాదు, షుగర్ పరీక్ష చేయించుకోండి.

చంకల్లో అసలు వాడకూడనివి

వంటసోడా. మొదటి రోజుల్లో వాసన బాగా ఆగుతుంది, అక్కడే మోసపోతారు. అది క్షారం, మన చర్మం కాస్త ఆమ్లంగా ఉండాలి. చెమట, రాపిడి తోడైతే ఎర్రగా ఒరుసుకుపోయి తొక్క ఊడుతుంది.

నిమ్మచెక్క. రాసుకుని ఎండలోకి పోతే చర్మం కాలినట్టు బొబ్బలెక్కి నల్లమచ్చలు మిగులుతాయి. తలకి వాడినప్పుడు కడిగేయమన్నది కూడా ఇందుకే.

బావంచాలు. సువాసన కోసం సున్నిపిండిలో కలిపే దినుసుల్లో ఇవీ ఉంటాయి. వీటిలోని సోరాలెన్ ఎండ తగిలితే చర్మాన్ని కాల్చేస్తుంది. పిండి పట్టించేటప్పుడు బావంచాలు వద్దని, కచోరాలు చాలని అంగడివాళ్ళకి చెప్పండి.

కొబ్బరినూనె క్రీములు. కొబ్బరినూనె 24, 25 డిగ్రీలకే కరుగుతుంది. మన ఊళ్ళో అది క్రీముగా నిలిచేది రెండు నెలలే. చొక్కాకి నూనెమరక, చంకల్లో జిడ్డు తప్ప లాభం లేదు.

హారతి కర్పూరం కలిపిన నూనెలు. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో కర్పూరం నోట్లోకి పోతే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఒంటికి రాసుకునే వాటి జోలికి దాన్ని తేవద్దు.

వాసన పోయిందో లేదో చూసుకోవడం

మన వాసన మన ముక్కుకి అలవాటైపోతుంది, కాబట్టి మీ అంచనా నమ్మొద్దు. సాయంత్రం విప్పిన చొక్కాని గంటసేపు బయట ఆరేసి, తర్వాత చంక దగ్గర వాసన చూడండి. ఇంట్లో మొహమాటం లేకుండా చెప్పేవాళ్ళ చేత కూడా చూపించండి. ఉతికిన చొక్కా వేసుకున్న పది నిమిషాలకే కంపు వస్తోందంటే తప్పు మీ చర్మానిది కాదు, బట్టది. పాలిస్టర్ చొక్కాల్లో పాత వాసన ఉండిపోతుంది. వెనిగర్ పావు కప్పు కలిపిన అర బకెట్ నీళ్ళలో గంట నానబెట్టి, ఉతికి, తిరగేసి ఎండలో వేయండి. ఎండాకాలం నూలుబట్టలే వేసుకుంటే సగం పని అయిపోయినట్టే.

మొదటి రెండు వారాలు వాసన కాస్త ఎక్కువ అనిపించొచ్చు. మధ్యాహ్నం ఒకసారి తడిగుడ్డతో తుడుచుకుని, ఆరాక పటిక నీళ్ళు చల్లుకోండి. పెళ్ళో, ఇంటర్వ్యూనో ఉంటే ఆ ఒక్కరోజుకి పాత డియోడరెంట్ వాడుకున్నా కొంప మునగదు. అకస్మాత్తుగా చెమట బాగా ఎక్కువైనా, రాత్రిళ్ళు పక్క తడుస్తున్నా, బరువు తగ్గుతున్నా, చంకలో గడ్డలు తేలినా ఇంటి చిట్కాలతో ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మిగిలిన కుంకుడు పిప్పి పారేయొద్దు. ఇంకోసారి చన్నీళ్ళలో పిసికితే పల్చటి నురగ వస్తుంది. పట్టుచీర కొంగు మూల ముందు తడిపి రంగు దిగడం లేదని చూసుకుని అందులో జాడించొచ్చు, బంగారు గొలుసులు మెత్తటి బ్రష్‌తో రుద్దొచ్చు. ఆ నీళ్ళు చేపల తొట్టిలోకి, చెరువులోకి మాత్రం పోనివ్వకండి. కుంకుడు నురగ చేపలకి విషం.